కోనకు వెళ్తే రాత్రి ఉండి రావాలి

కొడవలూరు చుట్టుపక్కల ఎటు చూసినా వరి మళ్లే. పెన్నా కాలవల కింద పండే ఈ పల్లపు నేలలో పుట్టి పెరిగినవాళ్లకు కొండ అంటే సెలవు రోజున వెళ్లి చూసొచ్చేది. వెలిగొండల పాదం దాకా ఏ దారిన వెళ్లినా వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఈ వైపు జనం కోనలకు వెళ్లే తీరు ఎప్పుడూ ఒకటే. తెల్లవారుజామున వ్యాను మాట్లాడుకుని బయల్దేరతారు, పది గంటలకు పెంచలకోన చేరతారు. నీళ్లలో నాలుగు మునకలు, స్వామి దర్శనం, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, చెట్టు కింద ఒక కునుకు. పొద్దు గూకక ముందే తిరుగు ప్రయాణం. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. కొండ ఊరైనా, నీటి బుగ్గ ఉన్న ఊరైనా, పగటిపూట నాలుగైదు గంటలు తిరిగి వచ్చేస్తే మనకు దక్కేది చాలా తక్కువ, ఆ ఊరికి మిగిలేది చెత్త. అదే చోట గుడారం వేసుకుని రెండు మూడు రాత్రులు ఉంటే వెళ్లినవాళ్లకూ మేలు, ఊరికీ మేలు. అయితే ఆ గుడారం ఎక్కడ వెయ్యాలి, ఎవరి చేతిమీదుగా వెయ్యాలి, ఏ నెలలో వెయ్యాలి అన్నవాటిని బట్టే మేలో కీడో తేలుతుంది.

ముందు మన చేతికందే దూరంలో ఏమున్నాయో చూద్దాం. కావలి దాటి కలిగిరి, వింజమూరు మీదుగా పడమటికి వెళ్తే ఉదయగిరి. ఊరు కొండ కింద, దుర్గం కొండ మీద. శిఖరం మూడు వేల అడుగులకు పైమాటే. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన బాలకృష్ణుడి విగ్రహాన్నే 1515లో హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. కొండెక్కితే పాత ప్రాకారాలూ, శిథిలమైన గుళ్లూ, గోల్కొండ నవాబుల కాలపు మసీదూ కనిపిస్తాయి. ఉదయగిరికి ఇంకాస్త పడమట సీతారామపురం మండలంలో ఘటిక సిద్ధేశ్వరం, చంద్రశేఖరపురం మండలంలో భైరవకోన. ఆ కోనలో కొండ రాతిని తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. దక్షిణంగా రాపూరు వైపు పెంచలకోన. ఇంకో రోజు ప్రయాణానికి ఓపిక ఉంటే ఆత్మకూరు, బద్వేలు, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాటు దాటి మహానంది. చల్లదనం కావాలంటే మదనపల్లె దగ్గర, నాలుగు వేల అడుగులు మించిన హార్స్‌లీ హిల్స్. యూరప్‌లో కొండ మీది ఊళ్లనూ, ఊటనీళ్ల పట్టణాలనూ కలుపుకుంటూ గుడారంతో సెలవులు గడపడం చాలామందికి అలవాటు. అలాంటి దారి మనకూ ఉంది. దాన్ని ముక్కలు ముక్కలుగా, ఒక్కో ఆదివారం ఒక్కో చోటుగా చూసి రావడమే మన అలవాటు.

రాత్రి ఉండటం వల్ల ఏమొస్తుందన్న ప్రశ్నకు మొదటి జవాబు కొండగాలే చెబుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరు ఏడు డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన హార్స్‌లీ హిల్స్ మీద పల్లపు నేలకన్నా ఎనిమిది డిగ్రీల దాకా తక్కువ ఉండాలి, ఉదయగిరి శిఖరం మీద ఆరు. కానీ పెంచలకోన, భైరవకోన లాంటివి కొండల మధ్య లోయలు. అక్కడ ఎత్తు ఇచ్చే చలువ స్వల్పం. పగలు ఎండకు రాతి కొండలు కాగి, వేడెక్కిన గాలి లోయలోంచి వాలు వెంట పైకి పాకుతుంది. పొద్దు వాలాక ఇది తిరగబడుతుంది. కొండ పైభాగాలు త్వరగా చల్లారతాయి, వాటిని ఆనుకున్న గాలి బరువెక్కి వాలు వెంట కిందికి, కోనలోకి జారుతుంది. చలికాలపు నిర్మలమైన రాత్రుల్లో తెల్లవారే దాకా ఇది సాగుతుంది. అంటే కోనకు అసలైన చల్లదనం వచ్చే వేళకు మన వ్యాను జాతీయ రహదారి ఎక్కేసి ఉంటుంది. ఏ వేళ బాగుంటుందో ఆ వేళ మనం అక్కడ ఉండం. ఏ వేళ రాళ్లు కాలుతుంటాయో ఆ వేళ అక్కడ కిక్కిరిసి ఉంటాం.

నీటి బుగ్గల సంగతీ అంతే. మహానంది కోనేటి నీళ్లు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని అందరూ చెప్పుకుంటారు. అది భక్తి కొద్దీ అన్న మాట కాదు, అనుభవంలో నిజం. కారణం తెలిస్తే ఆ నీటి మీద గౌరవం పెరుగుతుంది. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలోంచి లోపలికి ఇంకి, నెలల తరబడి భూగర్భంలో నడిచి, కొండ పాదం దగ్గర ఊటగా పైకి వస్తుంది. నేల లోపల కొన్ని మీటర్ల కిందికి వెళ్తే ఎండాకాలమూ చలికాలమూ తెలియవు. అక్కడి రాయి ఏడాది పొడవునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరలోనే ఉంటుంది, ఆ రాతి మధ్య నడిచిన నీరూ అంతే. మారేది నీరు కాదు, మన ఒంటిని తాకే గాలి. మార్గశిరం తెల్లవారుజామున చలిగాలిలోంచి దిగితే అదే నీరు వెచ్చన, వైశాఖం మిట్టమధ్యాహ్నం దిగితే అదే నీరు చల్లన. ఈ తేడా ఒంటికి తెలియాలంటే ఒకే కోనేట్లో తెల్లవారుజామునా దిగాలి, మధ్యాహ్నమూ దిగాలి. బస్సు ఆగిన గంటసేపట్లో అది సాధ్యం కాదు. ఊటనీరు చాలా లోతుకు వెళ్లి వస్తే నిజంగానే వేడెక్కుతుంది. భూమి లోపలికి కిలోమీటరు దిగితే పాతిక ముప్పై డిగ్రీల వేడి పెరుగుతుంది. పగుళ్ల వెంట అంత లోతుకు దిగిన నీరు గోదావరి లోయలో కొన్నిచోట్ల మళ్లీ పైకి వస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో నది ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరడం అందువల్లే.

గుడారపు ప్రయాణం మన ఒంటికి పడదు, అది పరాయి అలవాటు అనేవాళ్లు ఉన్నారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. సుమారు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా సాగిన ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఈనాటికీ ఆ పుస్తకాన్ని చరిత్రకారులు వెతుక్కుని చదవడానికి కారణం గుళ్ల వర్ణనలు మాత్రమే కాదు. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, దారి ఎలాంటిది, జనం ఎలా బతుకుతున్నారు అన్న విషయాలు మజిలీ మజిలీకీ అందులో ఉన్నాయి. మజిలీ చేసినవాడికే ఊరు తెలుస్తుంది. అదే దారిని దాటుకుంటూ పోయేవాడికి గుడి గోపురం తప్ప ఏమీ కనిపించదు. సంబరాలకు ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని వెళ్లి, తిరునాళ్లలో మూడు రోజులు చెట్ల కింద గడపడం మొన్నమొన్నటి దాకా మన పల్లెల్లో ఉన్నదే. కార్తీకంలో వనభోజనాలు ఇప్పటికీ ఉన్నాయి. బస్సులు, కార్లు వచ్చాక దూరం తగ్గింది, దానితోపాటు ఉండటమూ తగ్గింది. ఈ రెండోదాన్ని మనం గమనించలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. కొడవలూరు నుంచి ఇరవైమంది ఒక పగలు కోనకు వెళ్లొస్తే ఖర్చు ఎవరికి చేరుతుందో లెక్క వేసి చూడండి. పెద్ద మొత్తం వ్యాను అద్దెకు, డీజిలుకు పోతుంది, అది కోస్తాలోనే ఆగిపోతుంది. తిండి ఇంటి నుంచి వచ్చింది. నీళ్ల సీసాలూ చిప్సు పొట్లాలూ దారిలో కొన్నవి. కోనలో ఖర్చయ్యేది కొబ్బరికాయకూ, టిక్కెట్టుకూ, ఒక టీకీ. ఆ ఇరవైమందే రెండు రాత్రులు ఉంటే పాలు, కూరగాయలు, కోళ్లు, వంట మనిషి కూలి, గుడారం వేసిన చేనికి అద్దె, కొండ దారి చూపించే కుర్రాడి కూలి, రాత్రి కాపలా, ఇవన్నీ ఆ ఊళ్లోనే ఖర్చవుతాయి. డబ్బుతోపాటు చూపు కూడా మారుతుంది. ఉదయగిరి కొయ్య చెంచాలు ఇందుకు మంచి ఉదాహరణ. నర్ది, బిక్కి, కలివి లాంటి అడవి కర్రను ముక్కలుగా కోసి, చిన్న కత్తితో గరిటె ఆకారం తీసి, ఆకురాయితో రుద్ది, గరుకు కాగితంతో నునుపు చేస్తారు. ఆ పని చేసే చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవే. చెంచా పిడి చివర సన్నటి నగిషీ తీసేటప్పుడు కత్తి ఒక్క వెంట్రుకవాసి జారినా ఆ ముక్క పొయ్యిలోకే. రోడ్డు పక్క ఆగి ధర అడిగి వెళ్లేవాడికి అది పది రూపాయల చెంచా. ఒక పూట పక్కన కూర్చుని చూసినవాడు ఆ ధరకు బేరం ఆడలేడు. చేతివృత్తికి న్యాయమైన ధర రావడానికి ఇంతకన్నా నేరుగా పనిచేసే దారి తక్కువ.

ఈ పద్ధతి మన రాష్ట్రంలో ఇప్పటికే కొంత నడిచింది. మారేడుమిల్లి చుట్టూ వలమూరు లాంటి చోట్ల అటవీశాఖ తోడ్పాటుతో గిరిజనుల వన సంరక్షణ సమితులు యాత్రికుల విడిదులు నడిపాయి. పాడేరు దగ్గర వంజంగి, చింతపల్లి మండలంలో లంబసింగి చలికాలంలో మంచు, మబ్బులు చూడటానికి వచ్చేవాళ్లతో నిండిపోతాయి. అక్కడి యువకులు గుడారాలు అద్దెకిస్తారు. ఆ ప్రాంతంలో గుడారానికి ఉన్న ప్రత్యేకమైన విలువ గురించి చెప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి మారకుండా కాపాడేది 1970 నాటి ఒకటవ నిబంధన, జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ. హోటలు కట్టాలంటే భూమి కావాలి. భూమి కోసం బినామీ పేర్లు, దొంగ ఒప్పందాలు పుడతాయి. గుడారానికి భూమి చేతులు మారాల్సిన పని లేదు. సీజను అయిపోగానే మడిచి అటక మీద పెడితే ఆ చేలో మళ్లీ రాజ్‌మానో వలిసెలో వేసుకోవచ్చు. భూమి యజమాని భూమి యజమానిగానే ఉంటాడు, ఆదాయం అదనం. కొండ ఊరికి పర్యాటకం మేలు చేయాలంటే మొదటి షరతు ఇదే: ఊరివాడు తన చేలో తానే కూలివాడు కాకూడదు.

నీటి ఊళ్ల విషయంలో బయటి ప్రపంచం నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. 2021లో యునెస్కో యూరప్‌లోని పదకొండు ఊటనీళ్ల పట్టణాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండులోని బాత్, ఫ్రాన్సులోని విషీ, జర్మనీలోని బాడెన్-బాడెన్, చెక్ దేశంలోని కార్లోవీ వారీ, బెల్జియంలోని స్పా అందులో ఉన్నాయి. ఆ పట్టణాల గొప్పతనం స్నానాల గదుల్లో మాత్రమే లేదు. ఊట చుట్టూ తోటలు, నడక దారులు, కొండ మీదికి బాటలు, సంగీతం, వాటన్నిటితో వారాల తరబడి ఉండే ఏర్పాటు. ఫ్రాన్సులో వైద్యులు రాసిచ్చే ఊటనీళ్ల చికిత్స ఇప్పటికీ మూడు వారాలు. ఊరి బతుకంతా ఆ నీటి మీదే కాబట్టి ఊట పుట్టే కొండవాలును అక్కడ కంటికి రెప్పలా కాపాడుకుంటారు. మన కోనల్లో నీటిని ఎలా చూస్తున్నాం? షాంపూ పొట్లాలు, సబ్బు ముక్కలు, విడిచిన బట్టలు, పగిలిన సీసాలు. మహానంది ఊట గుడి దాటి వెళ్లి రెండు వేల ఎకరాల దాకా పొలాలను తడుపుతుంది. అంటే కోనేట్లో మనం వదిలిన నురుగు ఎవరిదో వరి మడిలోకి వెళ్తుంది. రాత్రి ఉండేవాడు పొద్దున లేచి అదే నీటితో ముఖం కడగాలి, అదే నీటితో అన్నం వండుకోవాలి. నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో అతనికి పట్టక తప్పదు. పగటి యాత్రికుడికి ఆ అవసరం రాదు. శుభ్రత బోర్డులు పెట్టినా మారని అలవాటు ఈ అవసరం వల్ల మారుతుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని మాత్రం పక్కన పెట్టాలి. కొండగాలి రోగాలు పోగొడుతుంది, ఊటనీరు సర్వరోగ నివారిణి అనే మాట ప్రకటనల్లో తరచు వినిపిస్తుంది. ఈ నమ్మకానికి మన గడ్డ మీద పెద్ద చరిత్రే ఉంది. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన జలచికిత్స గ్రంథాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. ఈ దేశంలో ప్రకృతి వైద్యం వ్యాపించడానికి అదొక ఆరంభం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం వెలిసింది. పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి, వీటినే నమ్ముకున్న కాలం అది. వాటికన్నా మెరుగైన మందు అప్పటికి లేదు. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక ప్రసిద్ధ పరిశీలన మొదలైంది. కొందరు క్షయ రోగులను శానటోరియంలో, కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. గాలి, విశ్రాంతి కాదు, మందు నయం చేసిందని తేలిపోయింది. వేడినీళ్లలో కూర్చుంటే కీళ్ల నొప్పులకు కొంత ఉపశమనం దొరకవచ్చు. చక్కెర జబ్బు, రక్తపోటు మాత్రలు మానేసి కోనకు వెళ్లమని చెప్పేవాళ్లను నమ్మకూడదు. మాత్రలు సంచిలో పెట్టుకునే వెళ్లాలి. కొండ ఊళ్లో నాలుగు రోజులు ఇచ్చేది వేరే: రోజుకు నాలుగైదు కిలోమీటర్ల నడక, రాత్రి చీకటి, వేళకు నిద్ర, పిల్లలతో పెద్దలతో తీరికగా మాట్లాడుకునే సమయం. ఇవి చిన్నవేమీ కావు. వీటికి మహిమలు అంటగట్టాల్సిన పని లేదు.

ఈ ప్రతిపాదన మీద గట్టి అభ్యంతరం అడవి పక్షం నుంచి వస్తుంది. అది న్యాయమైనది. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, వెయ్యి చదరపు కిలోమీటర్లు మించిన అడవి. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఎర్రచందనం దొంగల వల్ల రాత్రిపూట అటవీ సిబ్బంది గస్తీ ఉండే చోటు. అందులో అనుమతి లేకుండా గుడారం వేయడం చట్టానికి విరుద్ధం, ప్రాణానికి ప్రమాదం. పొదల నేలలైనా సరే, ఖాళీ స్థలమే కదా అనుకోకూడదు. వెలిగొండలకు అవతల కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో కలివికోడి అనే పక్షి ఉంది. రాత్రిపూటే తిరుగుతుంది. ఇక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో రెడ్డిపల్లె దగ్గర, స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ కనిపించింది. మనం పనికిరాని పొద అనుకున్నదే దానికి ఇల్లు. అందువల్ల నా వాదన అడవిలో గుడారం వేయమని కాదు. అడవి అంచున ఉన్న పల్లెలో, కోత అయిన చేలో, రైతు అనుమతితో, పంచాయతీకి చెప్పి వేయమని. అడవిలోకి పగలు, దారి తెలిసిన మనిషితో, అనుమతి ఉన్న బాటలో వెళ్లి రావాలి. రాత్రి పల్లెకు చేరాలి. ఇలా చేస్తే అడవి మీద ఒత్తిడి పెరగదు సరికదా, అడవి నిలిస్తేనే తమకు ఆదాయమని తెలిసిన పల్లె దానికి కాపలా అవుతుంది.

రెండో అభ్యంతరం తాగుడు. గుడారాలంటే సీసాలు, డీజే పాటలు, గొడవలు అనే భయం పల్లెల్లో బలంగా ఉంది. కొన్నిచోట్ల అది నిజమైంది కూడా. దీనికి జవాబు మన జిల్లా చరిత్రలోనే ఉంది. కొడవలూరు నుంచి ఉదయగిరికి వెళ్లే దారిలో తగిలే కలిగిరి మండలంలోదే దూబగుంట. 1990ల ఆరంభంలో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. ఆ వెంటనే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు ఊరూరా పెరిగాయి. గుడారాల విడిది నడిపే బాధ్యత ఆ సంఘాలకే అప్పజెప్పాలి. వంట వాళ్లది, అద్దె వాళ్లది, నియమాలు వాళ్లవి. సీసా తెచ్చినవాణ్ణి తిప్పి పంపే అధికారం వాళ్లది. ఆడపిల్లలు ఉన్న కుటుంబం ధైర్యంగా రావాలన్నా ఇదే మంచి ఏర్పాటు. ఊరి ఆడవాళ్లు నడిపే చోట బయటి ఆడవాళ్లకు రక్షణ గురించి వేరే హామీ అక్కర్లేదని నేను అనను. దీపాలు, తలుపున్న మరుగుదొడ్లు, రాత్రి కాపలా తప్పనిసరి. కానీ వాటిని ఎవరు అడిగి చేయించుకోగలరో ఆ సంఘాల చరిత్రే చెబుతుంది.

మూడోది ఆరోగ్యం, సౌకర్యం. పాములు, తేళ్లు, దోమలు, గడ్డిలో ఉండే చిన్న నల్లులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, ఇవన్నీ ఉన్నవే. నేల గుడ్డ కలిపి కుట్టి, జిప్పు పడే గుడారం వాడాలి, పడుకునే ముందు లోపల టార్చి వేసి చూడాలి, చెప్పులు బయట వదిలితే తెల్లారి దులిపి తొడుక్కోవాలి. గడ్డి ఏపుగా పెరిగిన చోట, వాగు ఒడ్డున, పుట్టల పక్కన గుడారం వేయకూడదు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడ పడుకున్నామో డాక్టరుకు చెప్పాలి. మరుగుదొడ్డి వాగుకు అరవై మీటర్లకు తగ్గకుండా దూరంలో ఉండాలి. ఇక నేల మీద పడుకోలేని ముసలివాళ్ల సంగతి. వాళ్లకు ఊళ్లోనే ఒక ఇంట నులక మంచం, దుప్పటి ఏర్పాటు చేస్తే సరిపోతుంది. ముఖ్యం గుడ్డ గోడ కాదు, ఆ ఊళ్లో రాత్రి ఉండటం.

పవిత్రమైన చోట విహారమేమిటన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయలేం. కోన చాలామందికి ముందు దేవుడి చోటు, ఆ తర్వాతే చూడదగ్గ చోటు. కానీ క్షేత్రంలో నిద్ర చేయడం మన ఆచారంలోనే ఉంది. మొక్కుకుని గుడి దగ్గర నిద్ర చేసి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్షేత్రానికి అపచారం చేసేది నిద్ర కాదు, తొందర. వైశాఖంలో నరసింహ జయంతి ఉత్సవాలప్పుడు పెంచలకోన ఎలాగూ భక్తులతో నిండుతుంది. ఆ రోజులు భక్తులకే వదిలేయాలి. మిగతా నెలల్లో గుడి వేళలకూ, గుడి పరిసరాల నియమాలకూ లోబడి, కాస్త దూరంలో విడిది చేసినవాడు భక్తికి అడ్డు రాడు.

నెల ఎంచుకోవడంలోనూ మనది వేరే లెక్క. బడి సెలవులు ఎండాకాలంలో ఉంటాయి కాబట్టి అందరూ అప్పుడే బయల్దేరతారు. అప్పటికి వెలిగొండ వాగులు ఎండిపోయి ఉంటాయి, ఆకు రాలిన అడవి అగ్గిపుల్లకు అంటుకునేలా ఉంటుంది. మన జిల్లాకు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తుపాన్ల కాలం దాటాక, డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా కోనల్లో నీరుంటుంది, రాత్రులు చల్లగా ఉంటాయి. నాట్లు అయిపోయి కోతలు ఇంకా మొదలుకాని సంక్రాంతి సెలవులు కొడవలూరు రైతు కుటుంబానికి కూడా కలిసొస్తాయి. పండగ ఇంట చేసుకుని కనుమ మర్నాడు బయల్దేరితే ఉదయగిరి దగ్గర రెండు రాత్రులు, భైరవకోన వైపు ఒక రాత్రి. ఒకరోజు దుర్గం ఎక్కడం, ఒకరోజు చెంచాల పని చూడటం, ఒకరోజు కోన, జలపాతం. అంతకుమించి పెట్టుకోకూడదు. ఎండాకాలంలోనే వెళ్లక తప్పకపోతే హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తైన చోటు ఎంచుకోవాలి, మంట మాత్రం ఎక్కడా వేయకూడదు.

దీనికి పెద్ద పథకాలు, కోట్ల రూపాయల రిసార్టులు అవసరం లేదు. ఉదయగిరి, సీతారామపురం, రాపూరు మండలాల్లో కొండ అంచున ఉన్న పల్లెలు కొన్నిటికి పంచాయతీ ఒక ఎకరం విడిది స్థలం గుర్తించాలి. నీళ్ల కుళాయి, నాలుగు మరుగుదొడ్లు, రెండు దీపాలు, చెత్త తిరిగి పట్నానికి పంపే ఏర్పాటు, దారి చూపే కుర్రాళ్లకు అటవీశాఖ ఇచ్చే శిక్షణ, విడిది నడపడానికి పొదుపు సంఘం, ఒక రాత్రికి ఎన్ని గుడారాలకు మించకూడదో ముందే రాసిపెట్టిన లెక్క. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. లెక్క దాటిన రోజున ఈ వ్యాసంలో చెప్పిన మేలంతా తలకిందులవుతుంది. యాత్రికులు చేయాల్సింది ఇంకా చిన్నది. ఏడాదికి నాలుగుసార్లు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే బదులు, ఆ నాలుగు రోజులూ కలిపి ఒక్కసారి వెళ్లాలి. డీజిలు ఖర్చులో మిగిలిన డబ్బు ఆ ఊరి చేతిలో పెట్టాలి. అడగకుండా ఫొటోలు తీయకూడదు, తెచ్చిన ప్లాస్టిక్కు తిరిగి తీసుకురావాలి. కోస్తావాళ్లం వెలిగొండల దయమీదే బతుకుతున్నాం. ఆ కొండల మీద కురిసిన వాన కొంత వాగులై పెన్నాలో కలిసి మన కాలవల దాకా వస్తుంది, మన బియ్యమవుతుంది. ఆ కొండల్లో బతికేవాళ్లతో మనకున్న సంబంధం ఆదివారం మధ్యాహ్నపు సంబంధంగా మిగిలిపోవడం మనకు మర్యాద కాదు. వచ్చే సంక్రాంతికి ఇంట్లో సెలవుల మాట వచ్చినప్పుడు ఎన్ని చోట్లు చూద్దామని కాక, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉందామని అడగడంతో మొదలుపెడదాం.